ఊళ్ళో సైకిలు మళ్ళీ తిరగాలంటే: ఒక్క రోడ్డుని 30 వేగానికి దించడం ఎలా

ధవళేశ్వరం బ్యారేజీ దాటి సముద్రం వైపు దిగితే ఎత్తన్నది వంతెనల దగ్గర తప్ప కనపడదు. నేలంతా బల్లపరుపు. పేటలోంచి బడికి, మార్కెట్టుకి, బస్టాండుకి, సచివాలయానికి చాలా ఊళ్ళలో రెండు మూడు కిలోమీటర్లే. తాపీగా గంటకి 12 కిలోమీటర్ల చొప్పున తొక్కినా మూడు కిలోమీటర్లకి పావుగంట చాలు. సైకిలుకి ఇంత వాటమైన నేల ఉండి కూడా, ఏడో తరగతి పిల్ల సైకిలు తీస్తానంటే తల్లి వద్దంటోంది. ఆవిడ భయమంతా వెనకనుంచి వచ్చే బండి గురించి. ఆ బండి గంటకి 30 కిలోమీటర్లకి నెమ్మదిస్తే సైకిలు తొక్కమని ఎవరికీ చెప్పనక్కర్లేదు. కాబట్టి పని రోడ్డు దగ్గర మొదలుపెట్టాలి. ఈ పని వార్డులో నలుగురు కలిసి, ఓపిగ్గా ఒక ఏడాది పట్టుకుంటే అయ్యేదే.

ముందు రోడ్డు ఎంచుకోండి

ఊరంతా ఒకేసారి మార్చమని అడిగితే ఆ కాగితం ఫైల్లోనే ఉండిపోతుంది. కిలోమీటరు నుంచి రెండు కిలోమీటర్ల పొడవున్న ఒక్క రోడ్డు పట్టుకోండి. ఒక చివర హైస్కూలో, కాలేజీయో, రైతుబజారో ఉండాలి. రెండో చివర జనం కాపురముండే పేట ఉండాలి. అమలాపురం గడియార స్తంభం సెంటరు, కాకినాడ భానుగుడి సెంటరు, భీమవరం జువ్వలపాలెం రోడ్డు లాంటివాటితో మొదలుపెట్టకండి. అక్కడ బస్సులు, లారీలు, దుకాణాలు, పార్కింగు అన్నీ ఒకేసారి మీద పడతాయి. వాటికి సమాంతరంగా పేటల్లోంచి పోయే రెండో రోడ్డు ఒకటి ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది. అదే మీ మొదటి రోడ్డు.

తర్వాత అది ఎవరిదో తేల్చండి. చాలామంది ఇక్కడే ఆరు నెలలు పోగొట్టుకుంటారు. రోడ్డు మున్సిపాలిటీది కావచ్చు, ఆర్ అండ్ బీది కావచ్చు, పంచాయతీరాజ్‌ది కావచ్చు. డెల్టాలో ఇంకో చిక్కు ఉంది. కాలువ గట్టు మీద రోడ్డయితే గట్టు జలవనరుల శాఖది, దాని మీద తారు వేసింది వేరే శాఖ. గట్టు మీద ఒక్క రాయి పాతాలన్నా ఇద్దరూ ఒప్పుకోవాలి. వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీనో, గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటునో అడిగితే చాలావరకు చెప్తారు. నోటిమాట చాలకపోతే సమాచార హక్కు చట్టం కింద మూడు ప్రశ్నలు రాయండి: ఈ రోడ్డు ఏ శాఖది, తారు వెడల్పు ఎంత, చివరిసారి ఎప్పుడు వేశారు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. తారు వెడల్పు కాగితం మీద ఒకటి, రోడ్డు మీద ఒకటి ఉండడం మామూలే. టేపు పెట్టి కొలిచి, రెండు అంకెలూ రాసుకోండి.

రెండు లెక్కలు తీయండి: సైకిళ్ళెన్ని, వేగమెంత

"మా ఊళ్ళో సైకిలు ఎవరు తొక్కుతున్నారండీ" అన్న మాట మీకు ఆఫీసులో మొదటి రోజే వినపడుతుంది. దానికి జవాబు మీ దగ్గర కాగితం మీద ఉండాలి. మూడు పూటలు లెక్కపెట్టండి: తెల్లవారుజామున 5 నుంచి 6.30, ఉదయం 7.30 నుంచి 9.30, సాయంత్రం 4 నుంచి 6. తెల్లవారుజాము వదలకండి. పాలు పోసేవాళ్ళు, చెరువుల మీద పనికి పోయేవాళ్ళు, చేపలమ్మేవాళ్ళు, కడియం వైపైతే నర్సరీ కూలీలు కారు లేచే వేళకి ముందే రోడ్డు మీద ఉంటారు. పగటిపూట మాత్రమే చూసే అధికారికి వీళ్ళు కనపడరు. బడిపిల్లలు, ఆడవాళ్ళు, బరువుతో వెళ్ళేవాళ్ళు, మిగతావాళ్ళు అని నాలుగు గడులు గీసి గీతలు పెట్టండి. రాంగ్ సైడులో వచ్చేవాళ్ళని విడిగా రాయండి. ఒకేచోట ఎక్కువమంది రాంగ్ సైడు వస్తున్నారంటే అక్కడ రోడ్డు దాటడానికి వీల్లేదని అర్థం. తప్పు వాళ్ళ మీద వేయకముందు ఆ చోటు చూసి రండి.

వేగం కొలవడానికి పోలీసుల గన్ను అక్కర్లేదు. టేపుతో 50 మీటర్లు కొలిచి, రెండు కొసల్లోనూ రోడ్డుకి అడ్డంగా సుద్దగీత గీయండి. ముందు చక్రం మొదటి గీత తాకినప్పుడు ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కి, రెండో గీత తాకినప్పుడు ఆపండి. 180ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకి కిలోమీటర్లు వస్తాయి. 6 సెకన్లు పడితే 30. 4.5 అయితే 40. 3.6 అయితే 50. 3 సెకన్లలో దాటేస్తే 60.

ఇందులో జరిగే పొరపాట్లు రెండు. ఒకే చోట నిలబడి రెండు గీతలూ చూస్తే దూరపు గీత దగ్గర కన్ను మోసపోతుంది. అక్కడ ఒక మనిషిని నిలబెట్టి చెయ్యి దించమనండి. రెండోది, బండ్లు వేగంగా పోతుంటే 50 మీటర్లు చాలవు. 0.2 సెకను తేడా వస్తే 50 వేగం 47గానో 53గానో తేలుతుంది. అలాంటిచోట 100 మీటర్లు కొలిచి, 360ని సెకన్లతో భాగించండి. ముందు బండి అడ్డం లేకుండా స్వేచ్ఛగా పోతున్నవాటినే లెక్కలోకి తీసుకోవాలి. ట్రాఫిక్ ఆగిన వేళ కొలిస్తే రోడ్డు చాలా మంచిదన్నట్టు కనపడుతుంది. మీరు చేతిలో కాగితంతో అంచునే నిలబడితే డ్రైవర్లు నెమ్మదిస్తారు. అరుగు మీదో, చెట్టు చాటునో కూర్చోండి.

ఇలా 100 బండ్ల వేగం రాసి, తక్కువనుంచి ఎక్కువకి పేర్చండి. కిందినుంచి 85వ అంకె ఏదో అది ఆ రోడ్డు అసలు వేగం. ఇంజినీర్లు కూడా సగటుని కాక ఈ 85వ అంకెనే చూస్తారు. మీ కాగితంలో ఈ మాట ఉంటే వినే తీరు మారుతుంది.

30 ఎందుకు, 40 ఎందుకు చాలదు

డ్రైవరు కంటికి పిల్ల కనపడినప్పటినుంచి కాలు బ్రేకు మీద పడేదాకా ఒక సెకను పడుతుందనుకోండి. 30 వేగంలో ఆ సెకనులో బండి 8.3 మీటర్లు పోతుంది. తర్వాత పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఇంకో 5 మీటర్లలో ఆగుతుంది. మొత్తం 13 మీటర్ల చిల్లర. అదే 50 వేగంలో ఆ ఒక్క సెకనులోనే 13.9 మీటర్లు పోతుంది. అంటే 30లో వచ్చిన బండి పూర్తిగా ఆగిపోయిన చోటికి 50లో వచ్చిన బండి బ్రేకు పడకుండానే వచ్చేస్తుంది. గుద్దినప్పుడు తగిలే శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి 50 దగ్గర అది 30 దగ్గరకంటే దాదాపు 2.8 రెట్లు. వానలో తారు తడిసినప్పుడు, చేపల లారీ నీళ్ళు కారినచోట ఇంకా ఎక్కువ దూరం కావాలి.

ఇది ఇక్కడి లెక్క మాత్రమే కాదు. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోంలో దేశాల మంత్రులు కూర్చున్నప్పుడు, నడిచేవాళ్ళు, సైకిళ్ళు, మోటారు బండ్లు కలిసి తిరిగే చోట్ల గరిష్ఠ వేగం 30 ఉండాలని రాసుకున్నారు. స్పెయిన్ 2021 మే నుంచి ఊళ్ళలో ఒక్కో వైపు ఒకే వరస ఉన్న రోడ్లకి 30నే నియమం చేసింది. మన దగ్గర 2018లో కేంద్రం ప్రకటించిన గరిష్ఠ వేగాల ప్రకారం మున్సిపల్ పరిధిలో కారుకి 70, మోటారు సైకిలుకి 60 దాకా ఉంది. ఇది చాలామందికి తెలియదు. అంటే మీ పేట రోడ్డు మీద 55లో పోయిన కారు వేగపరిమితి దాటిందని ఎవరూ అనలేరు, మీ రోడ్డుకి విడిగా తక్కువ వేగం ప్రకటిస్తే తప్ప.

కాగితం ఎలా నడపాలి

మోటారు వాహనాల చట్టం 1988లో 112వ సెక్షను ప్రజల భద్రత కోసం ఒక ప్రాంతానికో, రోడ్డుకో వేగపరిమితి పెట్టే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికీ, అది అధికారమిచ్చినవాళ్ళకీ ఇస్తోంది. బోర్డులు పెట్టడం 116వ సెక్షను కిందికి వస్తుంది. మీ అర్జీలో ఈ రెండు సెక్షన్లూ రాయండి. వెంట నాలుగు కాగితాలు చాలు: రోడ్డు గీసిన చేతిపటం, సైకిళ్ళ లెక్క, వేగం పట్టిక, ప్రమాదాలు జరిగిన చోట్లు. చివరిది పోలీసు స్టేషనులో అడగండి. పోలీసుల దగ్గర కేసైనవే ఉంటాయి. పడి, మోకాలు చెక్కుకుని ఇంటికి పోయినవి ఉండవు. అవి ఆ వీధి కిళ్ళీ కొట్టువాళ్ళకి, సైకిలు రిపేరు షాపువాళ్ళకి తెలుస్తాయి. వాళ్ళని అడిగి పటం మీద చుక్కలు పెట్టండి.

అర్జీ ముందు మున్సిపల్ కమిషనరుకి, నకలు ట్రాఫిక్ పోలీసుకి, ఆర్టీవో ఆఫీసుకి. సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. కానీ అసలు తేలేది జిల్లా రోడ్డు భద్రతా కమిటీలో. కలెక్టరు ఆధ్వర్యంలో జరిగే ఆ సమావేశంలో ఆర్ అండ్ బీ, పోలీసు, రవాణా, మున్సిపాలిటీ అందరూ ఒకే గదిలో ఉంటారు. మీ రోడ్డు ఆ ఎజెండాలోకి ఎక్కాలి. "ఫలానా బడి ముందు, ఫలానా కొలతతో ఎత్తు చేసిన క్రాసింగు ఒకటి, 30 బోర్డులు నాలుగు" అని అడగండి. "రోడ్డు భద్రత పెంచాలి" అని అడిగితే ఎవరూ కాదనరు, ఎవరూ చేయరు.

రోడ్డు జాతీయ రహదారైతే దారి వేరు. 216వ నంబరు ముమ్మిడివరం, అమలాపురం, రాజోలు వైపంతా ఊళ్ళని ఒరుసుకునే పోతుంది. దాని మీద స్పీడ్ బ్రేకరు సాధారణంగా ఒప్పుకోరు. అక్కడ ఊరు మొదలయ్యే చోట రోడ్డు ఇరుకు చేయడం, దాటే దగ్గర మధ్యలో ఆగడానికి గట్టు, వీధిదీపాలు, బడి ముందు సిగ్నలు అడగండి.

శాశ్వతంగా కట్టకముందు నాలుగు వారాలు చేసి చూడండి

కమిషనరుకైనా, దుకాణాలవాళ్ళకైనా కళ్ళతో చూస్తేనే నమ్మకం. పోలీసు అనుమతి తీసుకుని, తాత్కాలికంగా మూలలు ఇరుకు చేయండి. మన సెంటర్లలో మలుపు మూలలు మరీ వెడల్పు. బండి వేగం తగ్గించకుండానే తిరిగిపోతుంది. ఆ మూలలో పాత లారీ టైర్లకి తెల్లరంగు వేసి, రిఫ్లెక్టర్ టేపు చుట్టి వరసగా పెట్టండి. మలుపు చిన్నదవుతుంది, బండి నెమ్మదిస్తుంది.

ఇసుక బస్తాలు వాడకపోతేనే మంచిది. సిమెంటు సంచులు ఎండకి నాలుగు వారాల్లో చిరిగి ఇసుక తారు మీద పడుతుంది. సైకిలు జారేది సరిగ్గా ఆ ఇసుక మీదే. టైర్లు దొరక్కపోతే రాతిపొడి నింపిన ప్లాస్టిక్ డ్రమ్ములు పెట్టండి. ప్రతిదానికీ రెండు వైపులా రిఫ్లెక్టరు ఉండాలి. రాత్రి ఒకసారి హెడ్‌లైట్ వేసుకుని రెండు వైపులనుంచీ వచ్చి చూడండి. పది మీటర్ల దగ్గరికి వచ్చేదాకా కనపడకపోతే మీరే ఒక ప్రమాదం తయారుచేసినట్టు.

స్పీడ్ బ్రేకరు: కొలత తప్పితే సైకిలుకే శత్రువు

ప్రమాదం జరిగిన మర్నాడు ఊళ్ళోవాళ్ళు సిమెంటు పోసి కట్టే అడ్డుకట్ట చూసే ఉంటారు. రెండడుగుల వెడల్పు, అరడుగు ఎత్తు, రంగు లేదు, బోర్డు లేదు. కారు దాని దగ్గర ఆగి, దాటగానే దూసుకుపోతుంది. చీకట్లో దెబ్బ తినేది సైకిలు, స్కూటరు. వెనక కూర్చున్న మనిషి ఎగిరి పడేది అక్కడే. బోల్టులతో బిగించే రబ్బరు పట్టీలూ అంతే. లారీలకి ఆర్నెల్లలో ముక్కలూడి, బోల్టులు మాత్రం తలలెత్తుకుని నిలుస్తాయి.

రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ తన ఐఆర్‌సీ 99 పుస్తకంలో చెప్పిన గుండ్రటి హంపు ప్రయాణదిశలో 3.7 మీటర్ల పొడవు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధం వంపుతో ఉంటుంది. దాదాపు 25 వేగంలో వచ్చినవాళ్ళకి అది ఊయలలా తెలుస్తుంది, 45లో వచ్చినవాళ్ళకి గట్టిగా కుదుపు. కట్టేటప్పుడు మీరు దగ్గరుండి చూడాల్సింది ఈ వంపే. కాంట్రాక్టరు కంటి అంచనాతో తారు గుమ్మరిస్తే మధ్యలో మూపురంలా లేస్తుంది. ప్లైవుడ్ ముక్కని వంపుకి కోసి అచ్చు తయారుచేయించండి. అదీ కుదరకపోతే దారం కట్టి స్కేలుతో చూడండి. నడిమధ్య 10 సెంటీమీటర్లు, అక్కణ్నించి 92 సెంటీమీటర్ల దూరంలో 7.5, 139 దగ్గర 4.4, 185 దగ్గర సున్న. ఇందులో ఒక సెంటీమీటరుకి మించి తేడా ఉంటే తారు చల్లారకముందే సరిచేయమనాలి. గట్టిపడ్డాక ఎవరూ ముట్టుకోరు.

పాత తారు మీద నేరుగా పోస్తే హంపు అంచులు పొరలుగా లేస్తాయి. అంచుల వెంబడి చిన్న గాడి కొట్టి, దుమ్ము ఊడ్చి, పలుచటి తారుపూత వేసి, రెండు పొరలుగా వేయాలి. ఒక్క హంపుతో లాభం లేదు. వంద మీటర్లకొకటి చొప్పున వరసగా ఉంటేనే మధ్యలో వేగం పెరగదు. ముందు 40 మీటర్ల దూరంలో హెచ్చరిక బోర్డు, హంపు మీద చారలు తప్పనిసరి.

డెల్టాలో ఇంకోటి చూడాలి, నీరు. వాలు లేని ఊళ్ళలో హంపు కాలువకట్టలా నీళ్ళు ఆపేస్తుంది. రెండు కొసల్లోనూ రోడ్డు అంచుకి వచ్చేసరికి ఎత్తు సున్న అయ్యేలా వాలు తీసి, డ్రెయినులోకి దారి వదలాలి. సైకిలు కోసమని అంచున అరమీటరు సందు వదలమని కొందరు అడుగుతారు. మంచి ఆలోచనే, కానీ ఆ సందులోకి మోటారు సైకిళ్ళు దూరి సైకిలు పక్కనే పోటీగా వస్తాయి. వంపు సరిగ్గా ఉంటే సైకిలుకి సందు అక్కర్లేదు.

బడి ముందు మాత్రం హంపు కాకుండా బల్ల, అంటే పైన చదునుగా ఉండే ఎత్తు, వేయించండి. 8.45కి హైస్కూలు గేటు దగ్గర నిలబడితే ఎందుకో తెలుస్తుంది. ఆటో రోడ్డు మధ్యలోనే ఆగుతుంది, ఆరుగురు దిగుతారు. దాని వెనక స్కూలు వ్యాను హారను. ఆ రెండిటి సందులోంచి సైకిలు పిల్ల ఒక కాలు నేల మీద పెట్టి, ఒక కాలు పెడలు మీద ఉంచి, ఎటు పోవాలో తెలియక గేటు వైపు చూస్తూ ఉంటుంది. ఇలాంటి చోట రోడ్డునే ఫుట్‌పాత్ ఎత్తుకి తేవాలి. 10 సెంటీమీటర్ల ఎత్తు, పైన కనీసం 3 మీటర్లు చదును, రెండు వైపులా ఒకటి నుంచి ఒకటిన్నర మీటరు వాలు. చదును మీద జీబ్రా చారలు. బస్సు తిరిగే రోడ్డయితే చదును ఇంకా పొడుగ్గా పెట్టించండి, నడుం పట్టుకుపోయిందని డ్రైవర్లు గోల చేయరు. ఆటోలు దిగే చోటు గేటుకి 30 మీటర్లు అవతల గీత గీసి చూపించండి. గేటు ఎదుట ఖాళీ అయితే సగం సమస్య పోతుంది.

గీతలు, అంచులు

తారు వెడల్పు 7 మీటర్లే ఉంటే సైకిలుకి విడిగా పట్టీ గీయకండి. ముప్పాతిక మీటరు పట్టీ ఎవరికీ చాలదు, దాని మీద బైకులు నిలబెడతారు, సైకిలు బయటికి వస్తే "నీ లైను అక్కడుంది కదా" అంటారు. ఇలాంటి రోడ్డు మీద అందరూ కలిసే వెళ్ళాలి, అందరూ 30లోనే వెళ్ళాలి. 10 మీటర్లు ఉంటే లెక్క కుదురుతుంది: మధ్యలో 3 మీటర్ల చొప్పున రెండు వరసలు, అంచుల్లో 2 మీటర్ల చొప్పున సైకిలు దారి. సైకిలు దారుల గురించి ఐఆర్‌సీ 11 చెప్పే కనీస వెడల్పు కూడా 2 మీటర్లే. అయితే రంగు గీతని ఎవరూ లెక్కచేయరు. సైకిలు దారికీ బండ్ల వరసకీ మధ్యలో స్తంభాలు పాతాలి. ఆటో వెడల్పు 1.3 మీటర్లు కాబట్టి స్తంభాల మధ్య 1.2 వదిలితే సైకిలు దూరుతుంది, ఆటో దూరదు. ప్రతి స్తంభానికీ రిఫ్లెక్టరు మరువకండి.

గీతలు థర్మోప్లాస్టిక్‌తో, 2.5 మిల్లీమీటర్ల మందంతో, గాజుపూసలు చల్లి వేస్తారు. మంచుపడే నెలల్లో పొద్దున్నే వేస్తే తారు మీది తేమకి గీత పెచ్చులూడుతుంది. పది దాటి, రోడ్డు పూర్తిగా ఆరాక మొదలుపెట్టించండి. మలుపుల్లో రోడ్డంతా రంగు పులమనీయకండి. తడిసిన రంగు మీద సైకిలు చక్రం జారుతుంది.

ఇక అంచు. డెల్టాలో సైకిలువాళ్ళని పడేసేది చాలాచోట్ల ఇదే. నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిచ్చి కుంగుతుంది. తారు అంచు విరిగి, పక్కన మట్టి జానెడు లోతుకి దిగిపోతుంది. వెనకనుంచి లారీ హారను కొట్టగానే సైకిలు ఆ అంచు దిగుతుంది. తిరిగి ఎక్కబోతే చక్రం అంచుకి రాసుకుని రోడ్డు మీదకే పడతారు. స్కేలు పెట్టి చూడండి. 5 సెంటీమీటర్లకి మించి దిగిన ప్రతిచోటా ఫోటో తీసి మీటర్ల లెక్కన జాబితా ఇవ్వండి. అక్కడి మట్టే తెచ్చి పూడిస్తే ఒక్క వానకి పోతుంది. గ్రావెలు పోసి, నీళ్ళు చల్లి, రోలరుతో తొక్కించి, తారు మట్టానికి కలపాలి. మెట్ట ప్రాంతంనుంచి రావాల్సిన గ్రావెలు కాబట్టి ఖర్చుంది, అందుకే కాంట్రాక్టరు తప్పించుకోవాలని చూస్తాడు. కొత్త రోడ్డు ఎస్టిమేట్లోనే అంచు పని ఉందో లేదో ముందే అడగండి. డ్రెయిన్ల మీద ఇనుప జల్లెడలు ఉంటే వాటి సందులు ప్రయాణానికి అడ్డంగా ఉండాలి. నిలువుగా ఉంటే సన్నటైరు అందులో దిగబడుతుంది.

కాలువ గట్టు, ధాన్యం, చేపల లారీలు

కాలువ గట్టు రోడ్లు సైకిలుకి బంగారం లాంటివి. నీడ, గాలి, క్రాసింగులు తక్కువ. కానీ కాలువ వైపు కట్టడం లేకపోతే రాత్రి నీళ్ళకీ రోడ్డుకీ తేడా తెలియదు. లాకుల దగ్గర, మలుపుల దగ్గర, పాత వంతెన ఎక్కే చోట ముందు రైలింగు అడగండి. మిగతా పొడవంతా రిఫ్లెక్టర్లున్న రాతిగుర్తులు చాలు. పని చేయడానికి వేళ వేసవిలో కాలువలు కట్టేసిన రోజులు. ఆ కొద్ది వారాలు దాటితే మళ్ళీ ఏడాది ఆగాలి కాబట్టి అనుమతులు సంక్రాంతికే తెచ్చుకోండి. గట్టు మీద నిద్రగన్నేరు చెట్లు ఉంటే వెడల్పు పేరుతో కొట్టనీయకండి. చెట్ల వరస రోడ్డుని ఇరుకుగా చూపిస్తుంది, డ్రైవరు కాలు దానంతటదే తేలికవుతుంది. మే నెలలో నీడ లేని రోడ్డు మీద మధ్యాహ్నం ఎవరూ సైకిలు తీయరు.

సార్వా కోతల తర్వాత, దాళ్వా కోతల తర్వాత రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. రైతుకి కల్లం లేక చేస్తున్న పని, దాని మీద కేసులు పెట్టమని అడగడం న్యాయం కాదు. కానీ గింజల మీద సైకిలు జారుతుంది, చుట్టూ పెట్టిన రాళ్ళు, మొద్దులు రాత్రి ప్రాణం తీస్తాయి. కోతలకి ముందే రైతులతో కూర్చుని మూడు మాటలు అనుకోండి: ఒక్క వైపే పోయడం, రాళ్ళకి బదులు ఖాళీ సంచులో టైర్లో పెట్టడం, చీకటి పడేలోపు కుప్పచేసి పరదా కప్పి అంచుకి జరపడం. బడి ఆవరణో, మార్కెట్ యార్డు చప్టానో ఆ పది రోజులకి ఇప్పించగలిగితే రోడ్డు పూర్తిగా ఖాళీ అవుతుంది.

చేపలు, రొయ్యల లారీలనుంచి కారే నీళ్ళు తారుని జిగురుగా చేస్తాయి. ఏ ఐసు ఫ్యాక్టరీ మలుపులో, ఏ ప్యాకింగు షెడ్డు ముందు కారుతోందో గుర్తించి, నీళ్ళు పట్టే ట్యాంకు బిగించాలని యజమానులతో, రవాణా శాఖతో మాట్లాడండి. అక్కడ సైకిలువాళ్ళకి చెప్పాల్సిన మాట ఒక్కటే: తడి మీద బ్రేకు వేయకండి, హ్యాండిల్ తిప్పకండి, ముందే నెమ్మదించి తిన్నగా పోండి.

పిల్లలతో మొదలుపెట్టండి

రోడ్డు నెమ్మదించాక కూడా మొదటి వారం ఎవరూ రారు. గుంపుగా అయితే వస్తారు. ఒక దారి, ఒక వేళ పెట్టుకోండి. 7.50కి రామాలయం దగ్గర, 7.57కి లాకుల దగ్గర, 8.10కి బడి. పన్నెండు మంది పిల్లలకి పెద్దవాళ్ళిద్దరు చాలు. ముందున్న మనిషి నెమ్మదిగా, వెనకున్న మనిషి రోడ్డు లోపలి వైపుకి కాస్త జరిగి తొక్కాలి. బండ్లు వాళ్ళని చూసి దూరం జరుగుతాయి. దాటేచోట ఇద్దరూ దిగి నిలబడి అందర్నీ ఒకేసారి దాటించాలి. ఎవరికోసమూ ఐదు నిమిషాలకి మించి ఆగకూడదు. ఒకరోజు ఆగితే రెండోరోజునుంచి అందరూ ఆలస్యంగానే వస్తారు.

సైకిళ్ళు బయల్దేరేముందు మూడు చూడండి. బ్రేకు గట్టిగా నొక్కి సైకిలు ముందుకి నెడితే చక్రం తిరగకూడదు. సీటు మీద కూర్చుంటే రెండు పాదాల వేళ్ళు నేలకి తాకాలి. పెరుగుతారులే అని పెద్ద సైకిలు కొనిస్తే ఆ రెండేళ్ళూ పిల్ల పడుతూనే ఉంటుంది. వెనక ఎర్ర రిఫ్లెక్టరు మడ్‌గార్డు చాటున దాక్కోకూడదు. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పుగాలికి చైను త్వరగా తుప్పు పడుతుంది. పదిహేను రోజులకోసారి గుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె నాలుగు చుక్కలు వేసి, పైది మళ్ళీ తుడిచేయాలి. నూనె ఎక్కువైతే దుమ్ము పట్టి ఇంకా చెడుతుంది.

చేరాక పెట్టుకునే చోటు ఉండాలి. ముందు చక్రం ఇరికించే స్టాండులు వద్దు, పక్క సైకిలు పడితే రిమ్ము వంగుతుంది. తిరగేసిన యూ ఆకారంలో రెండంగుళాల జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు, నేలపైన 75 సెంటీమీటర్ల ఎత్తు, అంతే వెడల్పు, కాంక్రీటులో 30 సెంటీమీటర్లు పాతించండి. ఒకదానికొకటి మీటరు ఎడం. ఒక్కోదానికి రెండు సైకిళ్ళు కడతారు. రైతుబజారు, బస్టాండు, సచివాలయం ఈ మూడుచోట్లా ఐదేసి వేయిస్తే సరి. మామూలు ఇనుప పైపుకి రంగేస్తే ఉప్పుగాలికి రెండు మూడేళ్ళలో పునాది దగ్గరే తింటుంది.

అభ్యంతరాలు వస్తాయి, లెక్కతో చెప్పండి

"పనులకి ఆలస్యమవుతుంది" అంటారు. రెండు కిలోమీటర్లకి 50 వేగంలో 2 నిమిషాల 24 సెకన్లు, 30లో 4 నిమిషాలు. తేడా 96 సెకన్లు, అదీ దారిలో ఎక్కడా ఆగకుండా 50లో పోగలిగితేనే. "108 ఎలా పోతుంది" అన్నది మాత్రం న్యాయమైన ప్రశ్న. ఆస్పత్రికి పోయే ప్రధాన దారిలో హంపులు వేయించకండి, అక్కడ మూలలు ఇరుకు చేయడం, పొడుగు బల్లలు వాడండి. దుకాణాలవాళ్ళు పార్కింగు పోతుందని భయపడతారు. వాళ్ళతో వాదించే ముందు ఒక శనివారం సాయంత్రం రెండు గంటలు కొట్టు ముందు నిలబడి, కొన్నవాళ్ళు దేనిమీద వచ్చారో వాళ్ళ ఎదుటే లెక్కపెట్టండి. వచ్చిన అంకె ఏదైనా దాన్నిబట్టే పార్కింగు చోటు గీయండి.

పని అయ్యాక నెల తర్వాత ఒకసారి, ఆరు నెలల తర్వాత ఒకసారి అదే చోట, అదే వేళ, అదే సుద్దగీతలతో మళ్ళీ కొలవండి. 85వ బండి 35 లోపు ఉంటే పని ఫలించినట్టు. 40 దాటి ఉంటే బోర్డులు పెంచి లాభం లేదు. ఏ రెండు హంపుల మధ్య వేగం పెరుగుతోందో చూసి అక్కడ ఇంకో బల్లో, ఇరుకో అడగండి. సైకిళ్ళు పెరిగాయా అన్నది ఆరు నెలల లెక్కలోనే తెలుస్తుంది, ముఖ్యంగా ఆడపిల్లల గడిలో.

మొదటి వానాకాలం దాటాక, కార్తీకంలో ఒకసారి రోడ్డు మొత్తం నడిచి రండి. హంపు పక్కన నీళ్ళు నిలిచిన మరక ఉందా, అంచు గ్రావెలు కొట్టుకుపోయిందా, చారలు చెరిగాయా, టేపు పెట్టి చూసి రాయండి. ఆ జాబితా డిసెంబరు లోపు ఇంజినీరు బల్ల మీద ఉంటే వేసవి పనుల్లో చేరుతుంది. అదే అర్జీలో ఈ రోడ్డుకి కలిసే రెండో రోడ్డు పేరు కూడా రాసి పెట్టండి.